నెమలిగుండానికి బాట పడిన వైనం

కందికట్టె ఇంకో నాలుగు పుల్లలు ఎయ్‌రా చిన్నోడా, సెగ తగ్గింది. ఏమంటివమ్మాయ్, నెమలిగుండాన్ని టూరిజం వాళ్లు ఎప్పుడో పట్టించుకోవాల్సిందనా? పట్టించుకోనీ, నేనేమన్నా వద్దంటినా? కాకపోతే ఒక సంగతి విను. ఆ చోటికి బాట ఎవరూ కాగితం మీద గీసి ఎయ్యలా. ముందు చెంచోళ్లు నడిచినారు. ఎనకమ్మటి పసులకాపర్లు నడిచినారు. ఆ తరవాత వెదురు కూపు లారీలు పోయినాయి. ఎవరి అవసరం కొద్దీ వాళ్లు పోతే బాట పడింది. దేవుడి పేరు చెప్పుకోని అడవి చూసొచ్చే మాబోటోళ్లం కడాకు పోతిమి.

అల్లుడుగారూ, మీది గోదావరి పక్క. ఏడాది పొడుగునా ఏట్లో నీళ్లు చూసి పెరిగిన మనుషులు. మా గుండ్లకమ్మ సంగతి వేరు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కొండల్లో మలుపులు తిరుక్కుంటా వచ్చి, మన రాచర్ల మండలం జె.పి. చెరువు పక్కన అడవి వదిలి మైదానంలో పడతాది. ఆడి నుంచి కంభం చెరువు నింపి, మార్కాపురం ఇలాకా దాటి, అద్దంకి పక్కగా పోయి, రెండొందల కిలోమీటర్లకు పైన నడిచి సముద్రంలో కలుస్తాది. నడిచి అంటాండా గానీ, ఎండాకాలం మా పక్క దాంట్లో ఇసక తప్ప ఏముండదు. అటువంటి ఏరు అడవిలో రెండు కొండల సందున బండ మీద నుంచి దూకి ఒక మడుగు కట్టింది. అదే గుండం. కింద చేలల్లో బావులు ఎండిపోయిన ఏండ్లు నేను చానా చూసినా గానీ, ఆ గుండం ఎండింది చూడలా. కరువు నేలలో ఎండని మడుగుంటే దాని ఒడ్డున దేవుడు వెలవకుండా ఉంటాడా? రంగనాయకస్వామి వెలిసినాడు. మయూర మహర్షి అని ఒకాయన ఆడ తపస్సు చేసినాడంట, నెమలి రూపెత్తి ముక్కుతో బండను తవ్వితే గుండం పడిందంట. నమ్ముతావా అని అడగొద్దు. ఆ బండ ముందర నిలబడి చూసినాక నువ్వే చెప్పు.

నేను నిక్కరేసుకోని తిరిగే కాలానికి మనది కర్నూలు జిల్లా. గిద్దలూరూ మార్కాపురమూ అన్నీ కర్నూలు కిందే. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తది కట్టి మమ్మల్ని ఇటు తోసినారు. రెండేండ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టినారు. అంతకుముందు కచేరి పని పడిందా, గిద్దలూరులో మీటరుగేజీ బండెక్కి, దిగువమెట్ట, చలమ మీదగా నల్లమల దాటి నంద్యాల చేరాల, ఆడి నుంచి కర్నూలు. 1880లలో తెల్లోళ్లు కొండలు తొలిచి ఏసిన లైను అది. దొరబావి వంతెన మీద బండి మెల్లిగా పోయేది. పెట్టెలో జనమంతా ఒక పక్కకు ఒరిగి, కిటికీలో తలకాయలు పెట్టి లోయ చూసేవోళ్లు. కోర్టు వాయిదాకు పోయే మొఖాలు గూడా ఆ నిమిషం విచ్చుకునేవి. మాకు తెలిసిన టూరిజం అదొక్కటే, టిక్కెట్టు మీద వడ్డీ మాదిరి దక్కేది. 1990లలో పెద్ద లైను పడినాక దారి మారిపాయ. పాత వంతెన స్తంభాలు అడవిలో ఇప్పటికీ నిలబడి ఉండాయి.

నెమలిగుండానికి మాత్రం రైలూ లేదు, బస్సూ లేదు. ఎద్దులబండ్లు.

శుక్రవారం పొద్దు నెత్తికెక్కినాక రాచర్లలో బండ్లు కట్టేవోళ్లు. ఒంటిబండి పోకూడదు. నాలుగైదు కుటుంబాలు కలిసి, మంగలినీ తోలుకోని, పొంగలి గిన్నెలూ బియ్యమూ బెల్లమూ ఏసుకోని బయల్దేరాల. జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, పచ్చిపులుసు ముంత. పసిపిల్లల కోసం గడ్డి ఒత్తుగా పరిచి దాని మీద బొంత ఏసేవోళ్లు. మేము బొంత మీద కూచుంటామా? బండి ఎనకమాల కట్టు పట్టుకోని ఏలాడేవోళ్లం. రాత్రికి జె.పి. చెరువులో మకాం. అడవి అంచున చివరి ఊరు అది. చెరువు కట్ట కింద ఎద్దుల్ని ఇప్పి, ఇట్లానే మంట ఏసుకోని చుట్టూ పండేవోళ్లం. ఆ మంట చుట్టూ పెద్దోళ్లు చెప్పే పులి కతలు ఇని, రాత్రి ఒంటేలుకు లేవాలంటే ముగ్గురం కలిసి లేచేవోళ్లం.

తెల్లారినా గబుక్కున కదిలేదానికి లేదు. చెంచాయన రావాల. ఆయన వచ్చేదాకా మా నాయన లాంటి మొండి మనిషి గూడా ఎద్దుల మెడన కాడి పెట్టేవోడు కాదు. వచ్చేవోడు, చేతిలో విల్లంబు, భుజాన గొడ్డలి, నడుముకు గోచీ తప్ప ఇంకేం ఉండేది కాదు. దుడ్లిస్తే తీసుకునేవోడు కాదు. వాటితో ఆయనకు యాడ పని? పొగాకు కాడ, గల్లుప్పు, రెండు మానికెల జొన్నలు. అంతే కూలి. ముందు ఆయన, ఎనక గంటలు కట్టిన ఎద్దులు, ఆ ఎనక మేము. గంటలు అందానికి కాదురా చిన్నోడా, ఎలుగొడ్డుకు. పులి మనిషి అలికిడికి తప్పుకోని పోతాది. ఎలుగొడ్డుకు అంత నిదానం ఉండదు, ఎదురుపడితే మీదికొస్తాది. అందుకని ముందే చప్పుడు చేసుకుంటా పోవాల.

జె.పి. చెరువు దాటితే గుడి దాకా అయిదారు కిలోమీటర్లే. ఇప్పుడు బండి మీద టీ చల్లారేలోపల పోయొస్తారు. అప్పుడు సగం పూట పట్టేది. మధ్యలో వాగు దాటాల. బండ రాళ్ల మీద చక్రం ఎక్కి దిగినప్పుడల్లా ఆడోళ్లు గోవిందా అనేవోళ్లు, అది భక్తో భయమో వాళ్లకే తెలియాల. చెంచాయన నడుస్తా నడుస్తానే చూపించేవోడు: ఇది ఏగి, ఇది నల్లమద్ది, ఇది సారచెట్టు, ఆ పైబండకు ఏలాడేది పెద్దతేనె, దాని కింద బీడీ ముట్టించొద్దు. కాలేజీల్లో చదివినోళ్లు ఇప్పుడు గైడు అని మెడలో కార్డు ఏసుకుంటారు గదా, ఆ పని మా పక్క మొట్టమొదట చేసింది ఆ మనిషి. ఏ రికార్డులోనూ ఆయన పేరు ఎక్కలా.

గుడి కాడ అప్పుడు ఏముండేది? గుడి, ఏరు, చెట్లు. అర్చకస్వామి శనివారం పొద్దున వచ్చి తలుపు తీసేవోడు, నైవేద్యం పెట్టేవోడు, పొద్దు తిరిగినాక మూసి మాతోపాటే దిగేవోడు. ఒడ్డున మూడు రాళ్లు పెట్టుకోని పొంగళ్లు. తలనీలాలు ఇచ్చినోళ్లు గుండు మీద చన్నీళ్లు పోసుకోని కేకలు పెట్టేది కొండకు తగిలి మళ్లీ వినపడేది. గుండం లోతు ఎంతని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. ఎన్ని మంచాల నులక ఇప్పి ముడేసి వదిలినా అడుగు తగల్లేదని మా జేజి చెప్పేది. పోయి కొలిచిన వాడెవడో ఆమెకూ తెలీదు. ఆ భయం మంచిదే అయింది. పిల్లలం కిందపక్క పల్లెంలో, మోకాలి లోతులో పొర్లాడేవోళ్లమే తప్ప మడుగు దిక్కు పోయేవోళ్లం కాదు.

మిట్టమధ్యాన్నం తిరిగితే చాలు, చెంచాయన లేచి గొడ్డలి భుజాన పెట్టుకునేవోడు. ఇంకో ముద్ద తినిపోతాం అంటే వినేవోడు కాదు. పొద్దు వాలినాక ఈ ఏరు మనది కాదు, నీళ్లకొచ్చేటోళ్లది అనేవోడు. నీళ్లకొచ్చేటోళ్లు అంటే దుప్పులూ కణుజులూ, వాటి ఎనక వచ్చేదీను. మళ్లీ గంటల చప్పుడుతో దీపాలవేళకు జె.పి. చెరువు.

బాట వెడల్పయింది దేవుడి వల్ల కాదు, కాగితం వల్ల. నవ్వొద్దు. నల్లమల వెదురు కాగితం మిల్లులకు పోయేది. అడవి డిపార్టుమెంటు కూపులు పాట పెడితే కంట్రాక్టర్లు వచ్చి, కూలీలను దించి, వెదురు నరికి లారీలకెత్తేవోళ్లు. లారీ పోవాలంటే రాళ్లు తియ్యాల, గుంత పూడ్చాల, కొమ్మ కొట్టాల. అట్లా మా బండ్లబాట లారీబాట అయింది. ఒకసారి మా అమ్మావాళ్ల గుంపు నడిచిపోతా ఉంటే ఖాళీలారీ డ్రైవరు ఆపి ఎక్కించుకున్నాడు. లారీ ఎక్కడం ఆమెకు అదే మొదలు. దిగినాక డ్రైవరు దగ్గరికి పోయి, పసుపు కుంకుమ తెచ్చి స్టీరింగుకు పెట్టి దండం పెట్టింది. ఆ డ్రైవరు సాయిబు. ఏమనలా పాపం, తలొంచి ఆమెతోపాటు తానూ చేతులు జోడించినాడు. ఆ తరవాత శనివారం పూట ఖాళీలారీ పోతుందంటే చాలు, ఆడోళ్లు రోడ్డు మీద కాపు కాసేవోళ్లు.

జనం పెరిగినారు. పెరిగినాక ఏమైంది? మజ్జిగ అమ్మే ఆమె వచ్చింది. అడవి అంచు పల్లెలో మొగుడు పోయిన మనిషి, ఇద్దరు బిడ్డలు. శనివారం శనివారం ఒక కుండ మజ్జిగ, ఒక గంప బొరుగులు నెత్తిన పెట్టుకోని నడిచొచ్చి, గుడి ముందర చెట్టు కింద కూచునేది. నాలుగు స్టీలు గ్లాసులు. తాగినోళ్లు కడిగి ఇవ్వాల, కడక్కపోతే తిట్టేది. నన్నడిగితే నెమలిగుండానికి మొదటి టూరిజం ఆఫీసు ఆ కుండ. ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చినారు, వాగులో నీళ్లు ఎంత, ఎవరి పిల్లోడు తప్పిపోయినాడు, అన్నీ ఆమెకు తెలిసేవి. ఆమె తరవాత సైకిలు మీద గోలీసోడా వచ్చింది. తరవాత రేకుల కొట్టు, ఉగ్గాని బజ్జి. నంద్యాల పక్క నుంచీ, మార్కాపురం పక్క నుంచీ జీపుల్లో రావడం మొదలైనాక టెంకాయల ధర పెరిగింది. మొక్కులు తీరినోళ్లు పందిరి ఒకరు, మెట్టు ఒకరు, అన్నం ఒకరు. సర్కారు పైసా కోసం ఎదురుచూసినోళ్లు ఎవరూ లేరు. చూడమని ఎవరూ చెప్పలా గూడా.

ఈలోపల అడవికి కట్టుబాట్లు వచ్చినాయి. 1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం పక్క అడవిని అభయారణ్యం అన్నారు, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి తెచ్చినారు. 1990లో మన దిక్కున గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, పన్నెండొందల చదరపు కిలోమీటర్ల దగ్గర దగ్గర. కూపులు ఆగిపోయినాయి, లారీలు పోయినాయి. బాట మాత్రం ఉండిపోయింది. ఆ బాట మీద దేవుడి జనమే మిగిలినారు. నక్సలైట్ల కాలంలో అదీ తగ్గింది. ఇటు పోలీసు అడిగేవోడు ఎందుకు పోయినావని, అటు వాళ్లు అడిగేవోళ్లు ఎవరు పంపినారని. 2004లో సర్కారుతో చర్చలకని వాళ్ల నాయకులు మన జిల్లా నల్లమల నుంచే, చిన్నారుట్ల కాడ బయటికొచ్చినప్పుడు దేశమంతా టీవీలో చూసింది. ఆ ఏండ్ల గురించి ఇంతకంటే చెప్పను, ఇంకోసారి.

ఒకసారి ఒక ఆఫీసరు టేపు పట్టుకోని వచ్చినాడు. పేరెందుకులే, ఏ ఆఫీసో గూడా వద్దు. మంచి మనిషే. ఏటి ఒడ్డున అటు ఇటు కొలిచి, ఈడ కాటేజీలు, ఈడ హోటలు, ఈడ పిల్లలకు ఉయ్యాలలు అని పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు. ఎనక నిలబడిన ఫారెస్టు గార్డు మెల్లిగా అడిగినాడు, సార్, ఈ రాత్రికి ఉండి చూస్తారా అని. ఆయన గడియారం చూసుకున్నాడు, జీపు ఎక్కినాడు. ఆ బొమ్మ ఏ బీరువాలో ఉందో!

అట్లాగని సర్కారోళ్లు చేతకానోళ్లని నేననను. బెలుం గుహలు చూసినా గదా. కొలిమిగుండ్ల దగ్గర, మనకు కొండ అవతల. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే తెల్లదొర వాటి గురించి రాసినాడు. ఆ తరవాత నూరేండ్లు ఎవరికీ పట్టలా. ఊరి చెత్త పడేసుకునే బొక్కగా ఉండేదంట. 1980లలో జర్మనీ వాళ్లు గెబావర్ అనే ఆయనతో వచ్చి, లోపల పాక్కుంటా పోయి కొలిచినారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు తేలింది. ఆ తరవాత టూరిజం సంస్థ వాళ్లు బురద ఎత్తిపోసి, దారి చేసి, లైట్లు పెట్టి, గాలి పంపే గొట్టాలు దించి, 2002లో జనానికి తెరిచినారు. సగం దాకానే పోనిస్తారు, అయినా కళ్లు తిరుగుతాయి. శభాష్ అనుకుంటి. బండరాయి కాబట్టి చెల్లింది. గుహలో రాత్రి నీళ్లకొచ్చేది ఏముండాది? లైటు ఏసినా తీసినా దానికొకటే. అడవిలో ఏరు అట్లా కాదు.

కంభం చెరువు సంగతి గూడా అంతే. విజయనగరం రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువు. కొండల మధ్య సందు చూసి కట్ట పోసి ఇదే గుండ్లకమ్మను ఆపినారు. 2020లో దానికి ప్రపంచ స్థాయి నీటి వారసత్వ కట్టడమని గుర్తింపు వచ్చింది. మనిషి కట్టింది మనిషి చూస్తే దానికి నష్టం లేదు, పండగపూట దీపాలు పెట్టినా నష్టం లేదు. దాన్నీ గుండాన్నీ ఒకే ఫైల్లో పెడితేనే చిక్కు.

ఇప్పుడు నీ మాటకు వస్తా అమ్మాయ్. సెల్లుఫోన్లు వచ్చినాక జలపాతం బొమ్మ చూసి, ఏ ఊరో తెలియని పిల్లకాయలు మోటారుసైకిళ్ల మీద దిగుతాండారు. దేవుడి దర్శనం కాదు, గుండంలో దూకాల, వీడియో తియ్యాల. ఆకు విస్తరి పోయి ప్లాస్టిక్ ప్లేటు వచ్చింది, దాన్ని కోతులు నాకుతాండాయి, దుప్పి గూడా నాకుతాది. ఆ ముచ్చట మా మజ్జిగామె చూసుంటే కొంగు బిగించేది. మంగళవారమో బుధవారమో వచ్చి ఫారెస్టోళ్లు ఆపితే, ఇదేం రూలు అని కొట్లాడతారు.

రూలే. శనివారం ఒక్కరోజే. తిరునాళ్లప్పుడు తప్పిస్తే వారానికి ఒక్కసారే గుడి తలుపు తీసేది. వెంకటేశ్వరుడి వారమని మన జనం శనివారం పట్టినారా, అడవిలో రోజూ దీపం పెట్టేదానికి అర్చకుడికి వీలు గాక పట్టినారా, నేను ఆ లెక్కలోకి పోను. ఫలితం చెప్తా. ఒక రోజు మనుషులకు, ఆరు రోజులు ఏటికి. ఆదివారం తెల్లారేసరికి కాళ్ల గుర్తులు మారిపోతాయి. ఏ పుస్తకం చదివి పెట్టలేదు ఈ పద్ధతి, అయినా నేను చూసినంతలో ఇంతకంటే మంచి టూరిజం పాలసీ లేదు. దోర్నాల పక్క తుమ్మలబైలులో ఫారెస్టోళ్లే జీపుల్లో తిప్పి అడవి చూపిస్తారు. ఇష్టకామేశ్వరి దగ్గరికీ జీపుల్లోనే పోవాల. పద్ధతి బాగుంది. మన దగ్గర అట్లా చేసినా చెంచు పిల్లకాయలకు నాలుగు కూళ్లు దొరుకుతాయి. వాళ్ల తాతలు పొగాకు కాడకు చేసిన పని, వీళ్లకు జీతానికి చెయ్యనీ. శనివారాన్ని మాత్రం ముట్టొద్దు.

ఏందిరా చిన్నోడా, నోరు తెరుస్తాండావు? రోజూ తెరిస్తే రాచర్లలో హోటళ్లు వస్తాయి, ఆటోవోళ్లకు గిరాకీ వస్తాదంటావా? వస్తాది, కాదనను. ఆటో తోలేవోడి ముందర ఈ మాట చెప్పాలంటే నాకూ నోరు పెగలదు. వాడికి వారానికి ఒక రోజు పండగ, ఆరు రోజులు పస్తు. దానికి జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. కానీ ఆరు రోజులూ ఆ ఒక్క చోటికే తోలాలని యాడుంది? మన మండలంలోనే సత్యవోలు ఉండాది, రామలింగేశ్వరుడు, భీమలింగేశ్వరుడు, బాదామి చాళుక్యుల నాటి గుళ్లు. అలంపురం పోయి చూసొచ్చినోళ్లు మన గడప పక్కన ఉన్నవి చూసుండరు. బోర్డు సరిగా పెడితే ఆటో తిరుగుతాది.

అల్లుడుగారూ, మీరు సోమవారానికే పోవాలంటిరే, ఇవాళ చూస్తే ఆదివారం రాత్రి. రేపు పొద్దున సత్యవోలు చూడండి. మంగళవారం కంభం చెరువు కట్ట మీద నడవండి. బుధవారం మార్కాపురం చెన్నకేశవుడు, ఆ చేత్తోనే పలకల గనులు. గురువారం దిగువమెట్ట మీదగా నంద్యాల రైలు, కిటికీ సీటు చూసుకోండి. శుక్రవారం ఊరకుండండి, మీ అత్తగారు బొబ్బట్లు చేస్తాది. శనివారం పొద్దున్నే నేను గూడా వస్తా, గుండం చూద్దాం. సెలవు చాలదంటారా, ఆఫీసుకు ఫోను కొట్టి ఒంట్లో బాగలేదని చెప్పండి.